మనసులోని బెంగ, ఒడిలోని బిడ్డ

పెళ్ళయి ఏడాది తిరిగిందో లేదో మన ఇండ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది: "విశేషమేమైనా ఉందా?" రెండో ఏడు దాటితే ఆ ప్రశ్నకు ఒక సలహా తోడవుతుంది: "బెంగ పెట్టుకోకమ్మా, బెంగ పెట్టుకుంటే కడుపు పండదు." మూడో ఏడు దాటితే ప్రశ్నా ఉండదు, సలహా ఉండదు. చుట్టుపక్కల వారి చూపులే మాట్లాడుతాయి. అప్పటికి ఆ పిల్ల మనసులో ఒక సంగతి స్థిరపడిపోతుంది. "నా బెంగే నాకు శత్రువు, తప్పు నాదే" అని.

ఈ సలహా చెప్పేవారు చెడ్డవారు కారు. ప్రేమతోనే చెబుతారు. గాని అందులో నిజమెంత, అపోహ ఎంత అని విడదీసి చూడడం అవసరమని మాకు తోచింది. ఎందుకంటే ఈ ఒక్క మాటను నమ్మి, వైద్యుని దగ్గరకు పోవలసిన కాలాన్ని పోగొట్టుకుంటున్న దంపతులు మన మధ్య ఉన్నారు.

మన ఉప్పర్వాహి సంగతే తీసుకుందాం. ఇక్కడ తెలుగు మాట కొత్తది కాదు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఈ రాజురా ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలోనిదే. తరువాత సిమెంటు కర్మాగారాలు, బొగ్గు గనులు వచ్చి ఇంకా ఎందరో తెలుగువారు ఈ ప్రాంతంలో కుదురుకున్నారు. కోడళ్ళు మాత్రం ఇప్పటికీ చాలామంది గోదావరి ఆవలి నుంచే వస్తారు. భర్త షిఫ్టుకు వెళ్ళిపోతే క్వార్టరులో ఒంటరితనం, చుట్టూ అలవాటు లేని మరాఠీ, సాయంత్రమైతే ఊరినుంచి ఫోనులో అదే ప్రశ్న. ఇట్లాంటి ఇంటికి "బెంగ పడకు" అనే సలహా ఎంతవరకు పనికివస్తుంది? ముందు శరీరం లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

మెదడులో ఒక సైరన్

సంతానానికి సంబంధించిన పనంతా పొట్టలోనే జరుగుతుందని మనం అనుకుంటాం. నిజానికి దాని పెత్తనం తలలో ఉన్నది. మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉన్నది. ఆకలి, దప్పిక, నిద్ర, శరీరపు వేడి, వీటన్నిటినీ చూచుకునేది అదే. ఆ భాగంలోని కొన్ని నాడీకణాలు ఒక హార్మోనును కొంచెం కొంచెంగా, విడతలు విడతలుగా విడుదల చేస్తాయి. అది దానికి దిగువనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని తట్టి లేపుతుంది. పిట్యూటరీ రెండు హార్మోనులను రక్తంలోకి పంపుతుంది. అవి స్త్రీలో అండాశయానికి చేరి అండాన్ని పండిస్తాయి. పురుషునిలో వృషణాలకు చేరి శుక్రకణాలను తయారు చేయిస్తాయి.

ఆ మూల హార్మోను నిర్మాణాన్ని 1971లో కనిపెట్టారు. ఆండ్రూ షాలీ, రోజర్ గియ్యమే అనే శాస్త్రజ్ఞులకు మెదడు హార్మోనులపై చేసిన కృషికి 1977లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ మరుసటి ఏడు ఎర్నెస్ట్ నోబిల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు కోతులపై చేసిన పరిశోధనలో ఒక విచిత్రం బయటపడింది. ఆ హార్మోనును గంటకొకసారి చొప్పున ఇస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది. ఎడతెగకుండా ధారగా ఇస్తే పనే మానుకున్నది!

ఇది మన ఊరివారికి సులభంగా అర్థమవుతుంది. ఫ్యాక్టరీ సైరన్ వేళకు ఒకసారి మోగితే జనం లేచి పనికి పోతారు. రోజంతా ఆపకుండా మోగితే దాన్ని ఎవరూ పట్టించుకోరు. అసలే మోగకపోతే షిఫ్టు మారదు. బహిష్టు అయిన తరువాతి రోజుల్లో, అండం పండే వేళ, ఈ సైరన్ సుమారు గంట నుంచి గంటన్నరకొకసారి మోగవలసి ఉన్నది. ఆ లయ తప్పితే అండం విడుదల కాదు, బహిష్టు తప్పుతుంది.

ఆపద వచ్చినప్పుడు

మరి బెంగకు, ఈ లయకు సంబంధమేమిటి? 1936లో హాన్స్ సెల్యే అనే వైద్యుడు, ఎటువంటి కష్టం తగిలినా శరీరం ఒకే రకమైన ఎదురుదాడికి సిద్ధమవుతుందని మొదట గుర్తించాడు. ఆపద వచ్చినదని తెలియగానే సహానుభూత నాడీవ్యవస్థ మేల్కొంటుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. పారిపోవడానికో పోరాడడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. దానితోపాటు మెదడునుంచి ఎడ్రినల్ గ్రంథులకు కబురు పోయి, కార్టిసాల్ అనే హార్మోను పుడుతుంది. కష్టం గట్టిదై, చాలాకాలం నిలిస్తే, ఈ కబుర్లు పైన చెప్పిన సైరన్ ను నెమ్మది చేస్తాయి. ఇల్లు తగలబడుతుంటే ఎవరూ పెళ్ళిపందిరి వేయరు గదా! శరీరం కూడా అదే లెక్క వేస్తుంది.

దీనికి చరిత్రలో సాక్ష్యాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపానువారు హాంకాంగులోని స్టాన్లీ శిబిరంలో విదేశీయులను నిర్బంధించారు. అక్కడి స్త్రీలలో చాలామందికి బహిష్టు నెలల తరబడి నిలిచిపోయిన సంగతిని ఆ శిబిరంలోని వైద్యురాలు 1946లో ప్రకటించింది. 1944-45 చలికాలంలో హాలండు దేశంలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు, తొమ్మిది నెలల తరువాత అక్కడి నగరాల్లో పుట్టిన పిల్లల సంఖ్య ఇంచుమించు సగానికి పడిపోయింది. కరువు తీరాక మళ్ళీ పెరిగింది. హాస్టలులో చేరిన ఆడపిల్లలకు, పరీక్షల కోసం తిండీ నిద్రా మానినవారికి, సన్నబడాలని అతిగా పస్తులుండేవారికి బహిష్టు తప్పడం కూడా ఈ కోవలోనిదే.

ఇట్లా ఆగిన లయ మళ్ళీ మొదలు కావడం కూడా కద్దు. అమెరికాలో సారా బెర్గా అనే వైద్యురాలు 2003లో ప్రకటించిన పరిశీలన చిన్నదే గాని చెప్పుకోదగినది. వేరే జబ్బేమీ లేకుండా, మెదడులోని లయ తప్పి బహిష్టు ఆగిన పదహారుమంది స్త్రీలను తీసుకొని, ఎనిమిదిమందికి మానసిక వైద్యుల ద్వారా ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే శిక్షణ ఇప్పించారు. మిగతా ఎనిమిదిమందిని ఊరకే గమనించారు. శిక్షణ పొందినవారిలో ఆరుగురికి అండం విడుదల మళ్ళీ మొదలయింది. రెండోవారిలో ఒక్కరికే మొదలయింది. ఇందులో మందులేవీ లేవు.

కాబట్టి మనసుకు, గర్భధారణకు సంబంధమున్నదనే పెద్దల మాట కేవలం కల్పన కాదు. గాని కథ ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టవుతుంది.

మామూలు బెంగ సంగతి

పైన చెప్పినవన్నీ తీవ్రమైన కష్టాలు. నిర్బంధం, కరువు, నెలల తరబడి అర్ధాకలి. వాటికి ఒక గుర్తు ఉంటుంది. బహిష్టు తప్పుతుంది, లేదా చాలా ఆలస్యమవుతుంది. నెలనెలా వేళకు బహిష్టు అవుతూ ఉన్న స్త్రీలో చాలావరకు ఆ సైరన్ మోగుతూనే ఉన్నదన్నమాట. అట్లాంటి స్త్రీని పట్టుకొని "నీ బెంగ వల్లనే బిడ్డ కలగడం లేదు" అనడానికి ఆధారమున్నదా?

శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను సూటిగానే పరీక్షించారు. కృత్రిమ పద్ధతులలో చికిత్స పొందే స్త్రీలలో ఎక్కువ ఆందోళనపడే వారికి గర్భం తక్కువగా వస్తుందా అని, 14 పరిశీలనలలోని 3,583 మంది లెక్కలను ఒకచోట చేర్చి, 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించారు. తేడా కనబడలేదు. ఆందోళనపడ్డవారికీ, నిబ్బరంగా ఉన్నవారికీ ఫలితం ఒక్కటే.

రెండో వైపు సాక్ష్యం కూడా చెప్పాలి. అమెరికాలో మిచిగాన్, టెక్సాస్ రాష్ట్రాలలో, బిడ్డను కనాలని అప్పుడే సంకల్పించిన జంటలను గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. సహానుభూత నాడీవ్యవస్థ ఉద్రేకానికి గుర్తుగా లాలాజలంలో కనబడే ఒక పదార్థాన్ని కొలిచారు. అది బాగా ఎక్కువగా ఉన్న స్త్రీలకు, తక్కువగా ఉన్నవారితో పోలిస్తే, నెలనెలా గర్భం వచ్చే అవకాశం 29 శాతం తక్కువగా తేలింది. అదే లాలాజలంలోని కార్టిసాల్ తో మాత్రం ఏ సంబంధమూ కనబడలేదు. అంటే బెంగ కొంత ఆలస్యం చేయవచ్చు. తలుపుకు తాళం మాత్రం వేయదు. బెంగపడిన వారికి పిల్లలు పుట్టరంటే, అప్పులలో, చావులలో, అత్తింటి ఆరళ్ళలో ఎనిమిదేసి మందిని కన్న మన ముత్తవ్వల లెక్క ఎట్లా కుదురుతుంది?

ఇంకొక సంగతి. బెంగ వల్ల బిడ్డ కలగక పోవడం కంటె, బిడ్డ కలగనందువల్ల బెంగ కలగడమే లోకంలో ఎక్కువ. పిల్లలు కలగక వైద్యం చేయించుకుంటున్న స్త్రీల మనోవేదన క్యాన్సరు రోగుల మనోవేదనతో సమానంగా ఉన్నదని 1993లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశీలన చెబుతున్నది. అంత బరువు మోస్తున్న మనిషితో "బెంగ మానుకో, అంతా అదే అవుతుంది" అనడం, జ్వరం వచ్చినవానితో ఒళ్ళు కాలడం మానుకోమన్నట్టు ఉంటుంది. పైగా ఆ మాట ఆమె మీద కొత్త నేరాన్ని కూడా మోపుతుంది.

ఎవరినైనా పెంచుకుంటే మనసు కుదుటపడి సొంత బిడ్డ కలుగుతుందనే మాట కూడా మనలో ఉన్నది. అట్లా జరిగిన ఒకటి రెండు ఇండ్లు అందరికీ గుర్తుంటాయి. జరగని పది ఇండ్లు గుర్తుండవు. దీనికి రుజువు దొరకలేదు. పెంచుకునే బిడ్డను బిడ్డ కోసమే పెంచుకోవాలి గాని, మందుగా కాదు.

మగవారి మాటేమిటి?

ఇంతవరకు చదివినవారికి ఒక అనుమానం రావాలి. అంతా ఆడవారి గురించేనా అని. న్యాయమైన అనుమానమే. పిల్లలు కలగని జంటలలో ఇంచుమించు సగం మందిలో పురుషుని వైపు కారణం, ఒంటరిగానో భార్యవైపు కారణంతో కలిసో, ఉంటూనే ఉన్నది. దశరథ మహారాజు కథ మనకు తెలిసిందే. ముగ్గురు రాణులున్నా సంతానం లేనప్పుడు, ఆ దోషం రాణులలో ఎవరిదని ఆ కథ వెతకదు. యాగానికి దీక్ష పట్టినవాడు రాజే. మన ఇండ్లలో మాత్రం మొదట పరీక్షకు పోయేది కోడలు, చిట్టచివర, అదీ బతిమాలితే, కొడుకు.

పురుషుని విషయంలో నాడుల పాత్ర ఇంకా సూటిగా ఉన్నది. దాంపత్యానికి కావలసిన ఉత్తేజం పరసహానుభూత నాడుల వల్ల, అంటే శాంతంగా ఉన్నప్పుడు పనిచేసే నాడుల వల్ల కలుగుతుంది. వీర్యం బయటికి రావడం వెన్నులోనుంచి వచ్చే సహానుభూత నాడుల పని. భయం, అలసట, "ఇవాళే మంచి తేదీ" అనే ఒత్తిడి మొదటిదాన్ని చెడగొడతాయి. మధుమేహం ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే ఈ నాడులే దెబ్బతిని, వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోవడం కూడా ఉన్నది. గనిలోనో, లారీ ప్రమాదంలోనో వెన్నుపూసకు దెబ్బ తగిలినవారిలోనూ అట్లాంటి ఇబ్బందులు వస్తాయి. వీటికి చికిత్సలున్నాయి. సిగ్గుతో దాచుకుంటేనే లేవు.

మన ప్రాంతానికి వేడి ఒక ప్రత్యేకమైన సంగతి. చంద్రపూరు ఎండలు దేశమంతటికీ తెలుసు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. సిమెంటు బట్టీలో సరుకు కాలే వేడి 1,450 డిగ్రీల వరకు ఉంటుంది. శుక్రకణాలు తయారు కావడానికి మాత్రం ఒంటి వేడికంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలి. అందుకే ప్రకృతి ఆ అవయవాన్ని ఒంటికి వెలుపల పెట్టింది. తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గాక కొన్ని వారాలు శుక్రకణాలు తగ్గుతాయి. కొలిమి, బట్టీ వంటి వేడిపనులు చేసేవారిలోనూ, గంటల తరబడి బండి నడిపేవారిలోనూ ఇట్లా తగ్గవచ్చునని పరిశోధకులు గమనించారు. ఒక శుక్రకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఇవాళ మానిన చెడు అలవాటు ఫలితం మూడు నెలలకు గాని కనబడదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఒళ్ళు పెరగడానికని కుర్రవాళ్ళు వేసుకునే టెస్టోస్టిరోన్ సూదులు శుక్రకణాలను పెంచవు, తగ్గిస్తాయి. బయటినుంచి హార్మోను వస్తే మెదడు తన సైరన్ ఆపివేస్తుంది. ఒక్కొక్కప్పుడు లెక్క సున్నాకు చేరుతుంది. మగతనం పెరుగుతుందని వేసుకున్న సూది తండ్రి కాకుండా చేయవచ్చు.

మనసుతో, అలవాట్లతో సంబంధమే లేని కారణాలు కూడా ఉన్నాయి. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ శాస్త్రజ్ఞులు, శుక్రకణాలు బొత్తిగా లేని భారతీయ పురుషులను పరిశీలించి, కొందరిలో వై క్రోమోజోములో కొన్ని ముక్కలు పుట్టుకతోనే లోపించాయని 2003లో ప్రకటించారు. అట్లాంటి ఇంటిలో కోడలు ఎన్ని ఉపవాసాలుంటే మాత్రం ఏం ప్రయోజనం? ఆమె బెంగ ఆ లోపానికి కారణమా?

కాలం విలువ

"బెంగ మానుకో" అనే సలహా వల్ల కలిగే పెద్ద నష్టం కాలం. బెంగ అనే ముసుగు కింద అసలు కారణాలు దాగిపోతాయి. థైరాయిడ్ లోపం, అండాశయంలో నీటితిత్తుల వంటివి ఏర్పడి అండం విడుదల కాకపోవడం, అండనాళాలు మూసుకుపోవడం, వీటిని కనిపెట్టడం ఇప్పుడు కష్టం కాదు. మన దేశంలో క్షయ కూడా అండనాళాలను చెడగొట్టే ముఖ్యకారణాలలో ఒకటి. దగ్గు లేకుండానే లోపల ఉండగలదు. స్త్రీకి ముప్ఫై అయిదేళ్ళు దాటాక గర్భం వచ్చే అవకాశం ఏటేటా తగ్గుతుంది. పోయిన ఆ ఏళ్ళను ఏ వైద్యుడూ తిరిగి ఇవ్వలేడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బందికి లోనయ్యేవారు ప్రతి ఆరుగురిలో ఒకరు. ఇది మనొక్కరి ఇంటి శాపం కాదు. ఏడాదిపాటు కాపురం చేసినా గర్భం రాకపోతే వైద్యుని చూడవలసినదే. స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలే గడువు. బహిష్టు మూడు నెలలు ఆగిపోతే ఈ గడువులూ అక్కరలేదు, వెంటనే పోవాలి. పోయేటప్పుడు ఇద్దరూ కలిసి పోవాలి. వీర్యపరీక్ష అన్నింటికంటె తేలికైనది, నొప్పి లేనిది. అది మొదటి వారంలోనే చేయించవలసినది గాని, భార్యకు అన్ని పరీక్షలూ అయ్యాక కాదు. పెద్ద చికిత్సల దాకా పోవలసివస్తే, 2021 నాటి చట్టం ప్రకారం ఆ కేంద్రానికి రిజిస్ట్రేషను ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. అడగడం మన హక్కు.

మరి మనసుకు ఏమి చేయాలి?

బెంగ తాళం వేయదన్నంత మాత్రాన, దాన్ని అట్లాగే వదిలిపెట్టమని మేము అనడం లేదు. బిడ్డ కోసం కాకపోయినా, ఆ మనిషి కోసం దాన్ని తగ్గించాలి. మనసు నెమ్మదిగా ఉంటే చికిత్స మధ్యలో మానకుండా కొనసాగించగలరు. దంపతుల మధ్య మాట నిలుస్తుంది.

బట్టీ వెలిగితే ఆగదు కాబట్టి మన ఊళ్ళో రాత్రి షిఫ్టులు తప్పవు. అయినా పగటి నిద్రకు గది చీకటిగా, ఇల్లు నిశ్శబ్దంగా ఉంచడం ఇంటిల్లిపాది బాధ్యత. పొగాకు, మద్యం ఇద్దరికీ చెరుపే. ఉపవాసాల మీద ఉపవాసాలు చేసి ఒళ్ళు చిక్కించుకోరాదు. తిండి తగ్గితే సైరన్ నెమ్మదిస్తుందని పైన చూచాం. చైత్రంలో చంద్రపూరు మహాకాళి అమ్మవారి జాతరకు పోయి మొక్కుకుంటే మంచిదే, మనసుకు ధైర్యం వస్తుంది. అమ్మవారు పరీక్షలు చేయించుకోవద్దని ఎన్నడూ అనలేదు. దిగులు మరీ ముదిరి నిద్ర, తిండి, మాట తగ్గిపోతే మానసిక వైద్యుని చూడడంలో సిగ్గు లేదు. నిద్రమాత్రలు, మానసిక ఔషధాలు వాడేవారు ఆ సంగతి సంతాన వైద్యునికి చెప్పాలి. వాటిలో కొన్ని బహిష్టును తప్పించగలవు. సొంతంగా మాత్రం మానరాదు.

మిగిలినది మన నోటిలో ఉన్నది. అత్తగారు, ఆడబిడ్డ, పిన్ని, పక్కింటి వదిన, మనందరం కలిసి తేలిక చేయగల బరువొకటి ఇందులో ఉన్నది. శ్రీమంతాలకు, బారసాలలకు పిలవాలా వద్దా అని గుసగుసలాడక, పిలిచి, రావడం రాకపోవడం ఆమె ఇష్టానికి వదిలిపెడదాం. పసుపు కుంకుమలు పంచేటప్పుడు ఆమెను దాటిపోకుండా ఉందాం. పరీక్షకు పొమ్మని కొడుకుతో చెప్పే ధైర్యం తల్లికి ఉంటే, కోడలి బెంగలో సగం ఆ పూటే తీరుతుంది.

ఫోను చేసినప్పుడల్లా "విశేషమేమైనా ఉందా?" అని అడిగే బదులు "నిద్ర పడుతున్నదా అమ్మా? అన్నం తిన్నావా?" అని అడుగుదాం. విశేషమంటూ ఉంటే ఆ పిల్ల తానే చెబుతుంది. లేకపోయినా, ఆ ఇంటికి ఆమె వచ్చిన రోజే ఒక విశేషం జరిగింది గదా!